కొత్తవారి పనిని చదివేది ఎవరు?

మా లినక్స్ బృందం సమావేశాలకు వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, నాకు సీ వచ్చు, పైథాన్ కొంచెం వచ్చు, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" పైకి ఇది పనుల జాబితా కోసం అడిగినట్టే ఉంటుంది. స్వచ్ఛందంగా కలిసి సాఫ్ట్‌వేర్ రాసి అందరితో పంచుకునే ఏ ప్రాజెక్టులోనూ జాబితాలకు కొదవ లేదు. కాసేపు మాట్లాడాక అసలు సందేహం బయటపడుతుంది. ఎక్కడో జర్మనీలోనో బ్రెజిల్‌లోనో ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవారి మధ్య తమకు చోటుంటుందా, తాము పంపిన దాన్ని ఎవరైనా విప్పి చూస్తారా అన్నదే వారి దిగులు. ఆ దిగులులో న్యాయం ఉంది. జీతాలు లేని చోట, ఉద్యోగపు వేళలు లేని చోట, ఎవరూ ఎవరికీ పై అధికారి కాని చోట, కొత్తగా వచ్చిన మనిషి స్థానం ఏమిటన్నది దానంతట అది తేలే విషయం కాదు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు నేను డెబియన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 1993 ఆగస్టు 16న పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రకటించారు. ఏ కంపెనీకీ సొంతం కాకుండా, స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల మీదుగా ముప్పై ఏళ్లు దాటి నడుస్తున్న లినక్స్ పంపిణీ ఇది, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను, దాని మీద నడిచే ప్రోగ్రాములను కలిపి అందించే ఏర్పాటు. మనలో చాలామందికి పోస్టులో ఉచితంగా వచ్చిన సీడీల వల్ల పరిచయమైన ఉబుంటుకు పునాది కూడా ఇదే. ఇంత మేలు చేసిన ప్రాజెక్టు అన్న గౌరవం ఒక కారణం. కొత్తవారిని ఎలా చేర్చుకోవాలన్న విషయం మీద ఇంత బాహాటంగా వాదించుకుని, నియమాలు రాసుకుని, అవి చాలవనిపించినప్పుడు ఓటు వేసి మార్చుకున్న బృందం నాకు మరొకటి తారసపడకపోవడం రెండో కారణం.

తొలి ఏళ్లలో డెబియన్‌లో చేరడం పెద్ద పని కాదు. ఫలానా ప్యాకేజీ, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలుగా సర్దిపెట్టిన సాఫ్ట్‌వేర్, నేను చూసుకుంటానని ముందుకు వచ్చినవారికి త్వరగానే చోటు దొరికేది. మనుషులు పెరిగారు, వేల కంప్యూటర్లలోకి నేరుగా వెళ్లే సాఫ్ట్‌వేర్‌ను అప్‌లోడ్ చేసే హక్కు ఎవరెవరి చేతుల్లో ఉందన్న ఆందోళన కూడా పెరిగింది. 1999లో కొత్త చేరికలను ఆపేశారు. 2000లో కొత్త పద్ధతితో మళ్లీ మొదలుపెట్టారు. అభ్యర్థిని, అతని పనిని ఎరిగిన సభ్యుడు ఒకరు సిఫారసు చేయాలి. అభ్యర్థి తాను ఫలానా మనిషినేనని రుజువు చేసుకోవాలి. ఆ తరువాత అప్లికేషన్ మేనేజర్ బాధ్యత తీసుకున్న మరో సభ్యుడు లైసెన్సుల గురించి, 1997లో ఆమోదించిన సోషల్ కాంట్రాక్ట్ అనే డెబియన్ వాగ్దాన పత్రం గురించి, ప్యాకేజీలు తయారుచేసే నైపుణ్యం గురించి ఈమెయిల్లో ప్రశ్నలు వేస్తూ, జవాబులు చదువుతూ, చివరికి ఒక నివేదిక రాస్తాడు. దీనికి నెలలు పడుతుంది. ఇది విన్న విద్యార్థుల ముఖాలు చిన్నబోతాయి. సభ్యత్వం చివరి మెట్టు మాత్రమేననీ, కొత్తవారికి చోటు దొరికిందా లేదా అన్నది అంతకు చాలా ముందే, మొదటి ప్యాకేజీ దగ్గరే తేలిపోతుందనీ అప్పుడు వారికి చెబుతాను.

తెలుగు ఫాంట్ ఒకదాన్ని డెబియన్‌లో చేర్చాలని ఒక విద్యార్థిని సంకల్పించిందనుకుందాం. ఫాంట్ ఫైళ్ల పక్కన డెబియన్ పేరుతోనే ఒక ఫోల్డర్ పెట్టి, అందులో కొన్ని చిన్న ఫైళ్లు రాయాలి. ప్యాకేజీ పేరు, వివరణ, అది దేని మీద ఆధారపడుతుందో చెప్పేది ఒకటి. మార్పుల చిట్టా ఒకటి. ప్యాకేజీని కట్టే విధానం చెప్పేది ఒకటి. కాపీరైట్ వివరాలది ఒకటి. కట్టే విధానం రాయడమే కష్టమని అందరూ అనుకుంటారు గానీ ఈ రోజుల్లో అది నాలుగైదు లైన్లకు మించదు. కొత్తవారు తడబడేది కాపీరైట్ ఫైలు దగ్గర. ఫాంటులోని తెలుగు అక్షరాలను ఒకరు గీసి ఉంటారు, ఇంగ్లీషు అక్షరాలను ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి కలిపి ఉంటారు, రెండింటి లైసెన్సులూ వేరు కావచ్చు. ఏ ఫైలు ఎవరిదో, ఏ షరతు మీద ఇచ్చారో విడివిడిగా రాయాలి. అది పూర్తయ్యాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. మనం కంప్యూటర్లో వేసుకునే ఫాంట్ ఫైలు తయారైన సరుకు మాత్రమే. గీతలను సవరించుకోవడానికి వీలైన మూలం, అంటే ఫాంట్‌ఫోర్జ్ వంటి పనిముట్టులో దాచిన ఫైలు, వేరే ఉంటుంది. మూలం లేనిదే డెబియన్ తన ప్రధాన భాగంలో దేన్నీ చేర్చుకోదు. లింటియన్ అనే తనిఖీ ప్రోగ్రాం చాలా లోపాలు పట్టిస్తుంది గానీ, ఈ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడివమ్మా అని అది అడగలేదు. అలా అడగాలంటే చదివే మనిషి ఉండాలి.

అలా చదివే సభ్యుణ్ని స్పాన్సర్ అంటారు. అప్‌లోడ్ హక్కు లేని కొత్తవారి తరఫున ఆయన ప్యాకేజీని తన దగ్గర కట్టి చూసి, ప్రతి ఫైలూ చదివి, లోపాలు రాసి పంపుతాడు. వివరణలోని మొదటి వాక్యం ప్యాకేజీ పేరునే తిరిగి చెబుతోందని, మూలం ఫైలు కనిపించడం లేదని, వెర్షన్ సంఖ్య ఇలా ఉండాలని రాస్తాడు. సవరించి పంపితే మళ్లీ చదువుతాడు. తృప్తి కలిగిన రోజు తానెవరో రుజువు చేసే రహస్య డిజిటల్ కీతో సంతకం చేసి అప్‌లోడ్ చేస్తాడు. ప్యాకేజీ మెయింటైనర్‌గా, అంటే దాన్ని చూసుకునేవారిగా, కొత్త మనిషి పేరే ఉంటుంది, కానీ పూచీ మాత్రం సంతకం చేసినవాడిది. ముఖం కూడా చూడని మనిషి పని మీద, డబ్బు ఆశ లేకుండా, తన పేరును పూచీ పెట్టడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. కొత్తవారికి బృందంలో చోటు అంటే ఇదేనని నేను నమ్ముతాను. 2007లో డెబియన్ మెయింటైనర్ అనే మధ్య మెట్టు ఏర్పాటు చేశాక, నమ్మకం కుదిరినవారు అనుమతి పొందిన ప్యాకేజీలను తామే అప్‌లోడ్ చేసుకునే వీలు వచ్చింది. ఆ మెట్టు ఎక్కాలన్నా ముందు ఒకరు తమ పనిని చదివి ఉండాలి.

చదవడానికి పట్టే సమయమే ఇక్కడ అన్నిటికన్నా కరువైన వస్తువు. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి, రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి తన సొంత ప్యాకేజీల బగ్గులే వేచి ఉంటాయి. తానే రాస్తే పావుగంటలో అయ్యే పనికి కొత్తవారి చేత చేయిస్తే నాలుగు రాత్రులు పడుతుంది. అందుకే స్పాన్సర్ కోసం వేసిన అభ్యర్థనలు కొన్ని వారాల తరబడి ఎవరూ ముట్టకుండా ఉండిపోతాయి. ఎవరూ తిట్టరు, ఎవరూ కాదనరు, జవాబు మాత్రం రాదు. కొత్తవారిని వెనక్కి పంపేది కటువైన మాటలకన్నా ఈ మౌనమేనని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. పెళ్లింట్లో ఎవరూ ఏ పనీ అప్పజెప్పని చుట్టంలా, ఆదరంగానే పిలిచినా ఎక్కడ నిలబడాలో తెలియక, కాసేపు చూసి వెళ్లిపోతారు.

డెబియన్ దీనికి కొన్ని మార్గాలు వెతికింది. పరిష్కారం ఏమిటో తెలిసినా, తాను చేయకుండా వేరొకరికి వదిలిపెట్టిన బగ్గులకు మెయింటైనర్ కొత్తవారి కోసమని గుర్తు పెట్టవచ్చు. మన కంప్యూటర్లో ఉన్న ప్యాకేజీల్లో ఏవి సాయం కోరుతున్నాయో, ఏవి చూసుకునే దిక్కు లేక అనాథలయ్యాయో చూపించే చిన్న ప్రోగ్రాం కూడా ఉంది. బగ్ నివేదించడానికి ఖాతా తెరవనక్కరలేదు, ఈమెయిల్ చాలు. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. అయితే గుర్తు పెట్టిన మనిషే, వచ్చిన ప్యాచ్‌ను, అంటే సవరణను, చదవడానికి కూడా సిద్ధపడినప్పుడే వాటికి సార్థకత.

కంప్యూటర్ అభిరుచి సంఘాల్లో మొదటి వరుసలో నిలిచే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ ఈ విషయంలో ఒక చక్కటి పద్ధతి పాటించింది. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో సుమారు ముప్పై మందితో ఆ సంఘం మొదలైంది. మనుషులు పెరిగాక సమావేశాలు స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం ఆడిటోరియానికి మారాయి. అక్కడ లీ ఫెల్సెన్‌స్టైన్ సభను రెండు భాగాలుగా నడిపేవారు. మొదటి భాగంలో ఎవరైనా లేచి తామెవరో, తమ దగ్గర ఏముందో, తమకు ఏం కావాలో క్లుప్తంగా చెప్పాలి. ఎవరికి ఎవరితో పనో దానివల్ల అందరికీ తెలిసేది. రెండో భాగంలో కుర్చీలు వదిలి ఎవరికి కావలసినవారి దగ్గరకు వారు వెళ్లేవారు. నాకు ఫలానాది తెలియదు అని చెప్పడానికి కొత్తవారికి కూడా సభలో సమయం కేటాయించి ఉండటం, ఆ మాట విన్నవాడు కాసేపట్లో తానే వెతుక్కుంటూ వచ్చే వీలుండటం ఇందులోని విశేషం. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో క్యాలిక్యులేటర్లు రూపొందించే ఉద్యోగంలో ఉన్న స్టీవ్ వోజ్నియాక్ మొదటి సమావేశానికే వచ్చారు. లేచి మాట్లాడాలంటే సిగ్గుపడే స్వభావం ఆయనది. తరువాతి సమావేశాలకు తాను కట్టిన బోర్డును తెచ్చి, రెండో భాగంలో బల్ల మీద పెట్టి, చుట్టూ చేరినవారికి వివరించేవారు. ఆపిల్-1గా పేరుపడిన ఆ యంత్రం సర్క్యూట్ చిత్రాలను అడిగినవారికి ఊరికే పంచారు. మాట్లాడగలిగినవారికి మొదటి భాగం, మాట్లాడలేనివారికి రెండో భాగం అన్నట్టుగా ఆ ఏర్పాటు కుదిరింది. మా సమావేశాల్లో ఇప్పుడు మొదటి అరగంట ఇలాగే నడుపుతున్నాం. దాని వల్ల మాట్లాడే మెలకువలు తెలిసినవారికన్నా మౌనంగా వెనక బెంచీలో కూర్చునేవారికే మేలు జరుగుతోంది.

ఇక తెలుగువాళ్లుగా మనకు దగ్గరి విషయానికి వస్తాను. డెబియన్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం అయిన ఇన్‌స్టాలర్‌ను తెలుగులో నడుపుకోవచ్చు. అక్షరాలు సరిగా కూడాలి కాబట్టి గ్రాఫికల్ పద్ధతిలో మాత్రమే అది సాధ్యం. డిస్కును ఫార్మాట్ చేసే ముందు వచ్చే హెచ్చరికలో, ఫలానా డిస్కులోని ఫలానా సంఖ్య పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని) ఫలానా పద్ధతిలో ఫార్మాట్ చేయబోతున్నాం అని చెప్పే వాక్యం ఉంటుంది. అనువదించేవారికి అందే ఇంగ్లీషు వాక్యంలో పార్టిషన్ సంఖ్య, డిస్కు పేరు, ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) రకం వచ్చే చోట మూడు ఖాళీలుంటాయి. ఒక్కో ఖాళీకి వంకర బ్రాకెట్ల మధ్య ఇంగ్లీషు పేరు ఉంటుంది. ఇంగ్లీషులో పార్టిషన్ ముందు వస్తుంది, డిస్కు తరువాత వస్తుంది. తెలుగులో డిస్కు ముందు రావాలి, పార్టిషన్ తరువాత రావాలి. ఉన్న వరుసలోనే అనువదిస్తే వాక్యం తలకిందులవుతుంది. అత్యుత్సాహంతో ఖాళీ పేరును కూడా తెలుగు చేస్తే ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టలేక, డిస్కు పేరు రావలసిన చోట ఏదో పిచ్చి రాత మిగులుతుంది. విభక్తి దగ్గర మరో చిక్కుంది. రవికి అంటాం, రాముకు అంటాం. ఖాళీలోకి ఏ పేరు వచ్చి కూర్చుంటుందో తెలియనప్పుడు కి పెట్టాలా కు పెట్టాలా? అనుభవం ఉన్నవారు ఖాళీ తరువాత అనే ఫైలుకు, అనే డిస్కులో అని ఒక మాట అదనంగా చేర్చి, విభక్తిని ఆ మాటకు తగిలిస్తారు. ఇదంతా వ్యాకరణం మీద మోజుతో చెబుతున్నది కాదు. ఆ తెర ముందు కూర్చున్న మనిషి తప్పు పార్టిషన్‌కు సరే అంటే, ఇంటిల్లిపాది ఫోటోలు ఒక్క నొక్కుతో పోతాయి.

ఇటువంటి లోపాన్ని పట్టగలిగేది తెలుగు చదివే కళ్లు మాత్రమే. జర్మనీలోని స్పాన్సర్ ఎంత ఉదారుడైనా, ఖాళీల పేర్లు చెడలేదని చూడగలడే గానీ వాక్యం సరిగా ఉందో లేదో చెప్పలేడు. అందువల్ల తెలుగులో పనిచేయడానికి వచ్చిన కొత్తవారికి చోటు ఇవ్వగలిగిన పాతవారు తెలుగువాళ్లే కావాలి. మన దగ్గర స్థానికీకరణ పనులు మొదలైనంత ఉత్సాహంగా కొనసాగకపోవడానికి అనువాదకుల కొరత కారణమని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. కళాశాలలో ఒక కార్యశాల పెడితే ఒక్క మధ్యాహ్నంలో వందల వాక్యాల అనువాదాలు వస్తాయి. ఆ తరువాత వాటిని కూర్చుని చదివేవారు ఉండరు. చదవని అనువాదాలు చేర్చడానికి పనికిరావు. తమ పని ఏమైందో తెలియని ఆ పిల్లలు మళ్లీ రారు. కార్యశాలలకు దొరికే ఉత్సాహంలో, ఖర్చులో పదో వంతు సమీక్షకు దొరికినా ఈపాటికి పరిస్థితి వేరుగా ఉండేది.

అనువాదకుల విషయంలో డెబియన్ తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఇక్కడ చెప్పాలి. చేరిక పద్ధతి అంతా ప్యాకేజీలు కట్టేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది కావడంతో, ఏళ్ల తరబడి అనువాదాలు చేసినవారు, పత్రాలు రాసినవారు అంచునే ఉండిపోయే పరిస్థితి ఉండేది. 2010లో సభ్యులు ఓటు వేసి, ప్యాకేజీలు చేయనివారిని కూడా పూర్తి సభ్యులుగా ఆహ్వానించాలని తీర్మానించారు. అప్‌లోడ్ హక్కు లేకపోయినా వారు ప్రాజెక్టు నాయకుడి ఎన్నికలో ఓటు వేయవచ్చు. ప్రోగ్రామింగ్ రాదు కాబట్టి ఇక్కడ నాకు పనేముందని సంకోచించే తెలుగు ఎంఏ విద్యార్థులకు ఈ తీర్మానం సంగతి తప్పకుండా చెబుతాను.

గుర్తింపు నిర్ధారణలో మాత్రం మన చిన్న ఊళ్లవారికి నిజమైన ఇబ్బంది ఉంది. కొత్తవారి డిజిటల్ కీ వారిదేనని ధ్రువపరిచే సంతకం కావాలంటే ఉన్న సభ్యుణ్ని ముఖాముఖి కలిసి గుర్తింపు పత్రం చూపించడం అలవాటైన పద్ధతి. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న విద్యార్థికి దగ్గరలో అటువంటివారు ఎక్కడున్నారు? 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం తొలిసారి భారతదేశంలో, కొచ్చిలో జరిగినప్పుడు, రైలెక్కి వెళ్లగలిగినంత దూరంలో ఆ అవకాశం దొరకడం మన దక్షిణాదివారికి మేలైంది.

ఇంత జాగ్రత్త అవసరమా అని అడిగేవారికి 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతమే జవాబు. ఫైళ్లను కుదించే ఆ చిన్న సాఫ్ట్‌వేర్‌ను చాలా ఏళ్లుగా దాదాపు ఒక్కరే చూసుకుంటూ వచ్చారు. 2021 చివరి నుంచి జియా టాన్ అనే పేరుతో ఒకరు బుద్ధిగా చిన్న చిన్న ప్యాచ్‌లు పంపసాగారు. మరి కొన్ని కొత్త పేర్లు పైకి వచ్చి, పని నెమ్మదిగా సాగుతోందని, బాధ్యత ఇంకొకరికి అప్పగించమని ఆ మెయింటైనర్‌ను ఒత్తిడి చేశాయి. తన ఆరోగ్యం బాగుండటం లేదని, ఇది జీతం లేని అభిరుచి పని అన్న సంగతి గుర్తుంచుకోమని ఆయన మర్యాదగా చెప్పుకున్నారు. క్రమంగా జియా టాన్ చేతికి అధికారం వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చిలో విడుదలైన వెర్షన్లలో, బయటివారు కంప్యూటర్లోకి చొరబడే వీలిచ్చే దొంగదారి చేరింది. డెబియన్‌లో ఇంకా అభివృద్ధి దశలో ఉన్న వెర్షన్ వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూడబట్టి, స్థిరమైన విడుదలలోకి రాకముందే అది దొరికింది.

ఈ ఉదంతం తరువాత కొత్తవారిని అనుమానంగా చూడటమే వివేకమని కొందరు వాదించారు. నేను ఒప్పుకోను. అక్కడ లోపించింది అనుమానం కాదు, రెండో పాఠకుడు. ఆ మెయింటైనర్ పక్కన నిలబడి, వచ్చిన ప్యాచ్‌లను చదివేవారు మరో ఇద్దరు ఉండి ఉంటే, అలసిన మనిషి మీద అంత ఒత్తిడి పడేది కాదు, అపరిచితుడు ఒక్కడే దిక్కయ్యే స్థితి వచ్చేది కాదు. ఆ ఇద్దరూ ఎక్కడి నుంచి రావాలి? ఏళ్ల ముందే ఎవరో చదివి, దిద్ది, నిలబెట్టిన నిజాయితీ గల కొత్తవారి నుంచే కదా. కొత్తవారికి తలుపు మూసిన బృందం పదేళ్లకు ఒక్క అలసిన మనిషి చేతికి చేరుతుంది.

అందుకే మా బృందంలో ఇప్పుడు కొత్తవారికి పని చెప్పే ముందే, దాన్ని చదివేది ఎవరో తేల్చుకుంటున్నాం. చదివే మనిషి పేరు, జవాబు ఇచ్చే తేదీ కాగితం మీద రాసి ఇస్తాం. తీరిక లేకపోతే లేదని అదే రోజు చెప్పాలి, మరొకరు తీసుకుంటారు. పని చిన్నదే ఇస్తాం. ఒక ఫైలులో పాతిక వాక్యాలు, లేదా ఒక ప్యాకేజీ వివరణ, లేదా ఒక బగ్‌ను తమ కంప్యూటర్లో మళ్లీ రప్పించి చూడటం. మొదటిసారి దిద్ది ఇచ్చినప్పుడు ఎందుకు దిద్దామో ప్రతి మార్పు పక్కనా రాస్తాం. రెండు మూడు ఫైళ్లు గడిచాక, వారి తరువాత వచ్చినవారి ఫైలును వారి చేతే మొదట చదివిస్తాం. ప్రస్తుతం ఇన్‌స్టాలర్‌లోని డిస్కు విభజన తెరల వాక్యాలు మా చేతిలో ఉన్నాయి. అనువదించేవారు సరిపడా ఉన్నారు. కావలసింది చదివేవారు. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, తెలుగు వాక్యం తప్పుగా ఉంటే చెవికి గుచ్చుకునేవారైతే చాలు. వచ్చే సమావేశానికి ఒక పెన్సిలు తెచ్చుకుని రండి, ఫైళ్లు అచ్చు వేయించి ఉంచుతాం.